కాల్చని రాయి, కాస్త రాగి

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడిగే ఆవిడను పిల్లలందరూ ఆయా అంటారు. నేను పిన్నీ అంటాను. ముప్పాళ్ళ అవతల ఒక పల్లె నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేట వస్తుంది. నేను ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరేనాటికే ఆమె అక్కడ పాతకాపు. ఏ ఫ్లాస్కుకి అడుగున పగులుందో, ఏ కుళాయి ఎటు తిప్పితే ఆగుతుందో ఆమెనే అడగాలి.

అవి మిరపకోతల రోజులు. ఏటా ఆ రోజుల్లో పిన్ని సెలవు దొరికితే చాలు క్రోసూరు వైపు కోతకు పోయేది. ఆ ఏడు పోలేదు. ఎందుకు పోలేదో నేను అడగలేదు. ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అయ్యాక నా డబ్బాలోని పండుమిరపకాయ పచ్చడి కొంచెం ఆమె అన్నంలో వేశాను. స్పూనుందా అని అడిగింది. పచ్చడన్నం స్పూనుతో తినే మనిషి కాదామె.

"ఏంది పిన్నీ, పెద్దింటి అలవాట్లు నేర్చావు?" అని నవ్వాను.

"కారం తగిలితే చేతులు భగ్గుమంటన్నయ్యమ్మా" అంది.

చేతులు చూపించమన్నాను. చూపించలేదు. నేనే పట్టుకుని వెలుతురులోకి తిప్పాను. గోళ్ళ పక్కన, వేళ్ళ కణుపుల మీద గుండ్రటి గుంటలు. పురుగు తొలిచిన వంకాయకు ఉండేలాంటివి. అంచులు గట్టిపడి పైకి లేచి ఉన్నాయి. మధ్యలో నల్లటి పెచ్చు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చానా రోజులైంది. నీళ్ళలో నానీ నానీ అట్టయినయ్యిలే."

నీళ్ళలో నానితే చేతులు అలా కావు. ఆ గుంటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. క్రోమియం ఉప్పులు చర్మాన్ని అలాగే తొలుస్తాయని మా పుస్తకంలోనే భద్రత గురించిన పాఠంలో ఉంది. పరీక్షల్లో రాదని ఏటా నేను వదిలేసే పాఠం అది.

మా దగ్గర ఒక ప్రయోగం ఉండేది. ఒక ఆల్కహాల్‌లో నారింజరంగు డైక్రోమేట్ ఉప్పు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే అది కీటోన్‌గా మారుతుంది. నారింజరంగు కళ్ళముందే ఆకుపచ్చగా తిరుగుతుంది. పిల్లలకు ఆ రంగు మారడమంటే సరదా. ఫోన్లు తీసి వీడియోలు పట్టుకునేవారు. పీరియడ్ అయ్యాక ఆ ఆకుపచ్చ నీళ్ళు సింకులోకి, సింకు నుంచి వెనకవైపు మురిక్కాలవలోకి పోయేవి. మరకలు పట్టిన ఫ్లాస్కులను పిన్ని అదే నారింజ నీళ్ళలో నానబెట్టి, ఒట్టి చేతులతో తోమేది. అలా చెయ్యమని ఆమెకు నేర్పింది మా డిపార్టుమెంటే. ఎన్నో ఏళ్ళుగా నేను ఆ గదిలోనే నిలబడి వైవా ప్రశ్నలు అడుగుతూ ఉన్నాను.

ఆ సాయంత్రం దాకా సిగ్గుపడ్డాను. తర్వాత కోపం వచ్చింది. కోపం పనికొచ్చినంతగా సిగ్గు నాకెప్పుడూ పనికిరాలేదు.

మర్నాడు కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను. కాలేజీ ఆయనదే. పొలాలు, పార్టీ పనులు చూసుకుంటూ మధ్యలో కాలేజీని కూడా చూసుకుంటారు. విషయం చెప్పాను.

"కెమిస్ట్రీ ల్యాబంటే అగరొత్తుల కొట్టు కాదుగదమ్మా" అన్నారు. "ఆమెకి గ్లోవ్స్ కొనిస్తాలే."

కొనిచ్చారు కూడా. బిర్యానీ పొట్లాలు కట్టేవాళ్ళు తొడుక్కునే పలచటి కవర్లు. రెండు రోజులకే చిరిగాయి. మళ్ళీ వెళ్ళాను.

"నేను చదువుకున్న రోజుల నుంచి ఇదే ప్రాక్టికల్ నడుస్తంది. ఇంతమందికి కనపడంది నీకొక్కదానికే కనపడిందా?" అన్నారు. "ఆమెకి ఇబ్బందైతే మానెయ్యమను. ఆ పనికి మనుషులు కరువా?"

ఆ చివరి మాట అనకుండా ఉంటే బహుశా నేను మంచి గ్లోవ్స్ సొంతంగా కొనిచ్చి ఊరుకునేదాన్నేమో. ల్యాబుకి వచ్చి, అరల్లో ఉన్న డైక్రోమేట్ సీసాలన్నీ తీసి ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. వారం తిరక్కుండా మెమో వచ్చింది. కళాశాల ఆస్తిని సొంత అధీనంలో ఉంచుకున్నందుకు సంజాయిషీ ఇమ్మని. నేను రాసిన జవాబు ఇంత: "సీసాలు కళాశాల బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవి నా దగ్గర ఉంది. ఇవ్వను."

మళ్ళీ పిలిచారు. ఈసారి ప్రిన్సిపల్ గారు కూడా పక్కన కూర్చున్నారు, నేల చూపులు చూస్తూ.

"ఇవ్వనంటే ఏంది నీ ఉద్దేశం? ఉద్యోగం వద్దా?"

"కావాలి సార్. తాళంచెవి కూడా కావాలి."

కరస్పాండెంట్ గారు నవ్వారు. పంచాయితీలు చేసి చేసి ఉన్న మనిషి. ఎదుటివాడు మెత్తబడడని తెలిస్తే గడువు పెట్టడం ఆయన పద్ధతి.

"సరే. సిలబస్సులో ఉన్న ప్రయోగం ఆగగూడదు. వచ్చే ఏడు ప్రాక్టికల్స్ నాటికి ఆ మందు లేకుండా అదే సరుకు తయారుచేసి చూపియ్యి. చూపియ్యలేకపోతే తాళంచెవితో పాటు రాజీనామా కూడా ఈ బల్ల మీద పెట్టు. సరేనా?"

"పెడతాను" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

పిన్నిని చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నారింజ నీళ్ళ జోలికి పోవద్దన్నాడు, మందు రాసిచ్చాడు. ఎండాకాలం సెలవులు దాటేసరికి పుండ్లు మానాయి. గుంటలు మిగిలాయి. ఆ సీసాలు మాత్రం ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉన్నాయి. వాటిని సరైన పద్ధతిలో పారెయ్యడానికి ఈ జిల్లాలో చోటెక్కడుందో చెప్పేవాళ్ళు నాకింకా దొరకలేదు.

ఇక అసలు పని. ఆల్కహాల్ అంటే జనం తాగేది ఒక్కటే కాదు. అదొక పెద్ద కుటుంబం. అందులో కొన్నిటి నుంచి రెండేసి హైడ్రోజన్ పరమాణువులను లాగేస్తే కీటోన్లు వస్తాయి. గోళ్ళరంగు తుడిచే ద్రవం అలాంటి కీటోనే. క్రోమియం ఉప్పు ఆ లాగే పని చేసి తాను ఖర్చయిపోతుంది, విషం మిగులుస్తుంది. అలా కాకుండా తాను ఖర్చు కాకుండా పనిచేసిపెట్టే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాం. ఈ పనికి రాగి అలాంటిదే. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన ప్రతివాళ్ళూ ఆ వాక్యం బట్టీ పట్టే ఉంటారు: వేడిచేసిన రాగి మీదుగా ఆల్కహాల్ ఆవిరిని పంపితే కీటోన్ వచ్చును. రెండు మార్కుల ప్రశ్న. నేను బట్టీ పట్టాను, తర్వాత కొన్ని వందల మంది చేత పట్టించాను. చేసి చూసినవాళ్ళు ఒక్కరు కూడా నాకు తెలీదు.

అప్పటికే నేను గుంటూరు వైపు ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి నమోదై ఉన్నాను. మా గైడు సార్ నాకిచ్చిన అంశం రుథీనియం. అదీ ఇలాంటి ఉత్ప్రేరకమే, కానీ చాలా ఖరీదైన లోహం. దాన్నే నమ్ముకుని ఆయన పేరు తెచ్చుకున్నారు. నేను వెళ్ళి అంశం మార్చమన్నాను.

"రాగా?" అన్నారు. "బిందెలకీ తీగెలకీ తప్ప ఎందుకమ్మా అది? రుథీనియంతో ఐతే పరిశోధన పత్రికలో ఒక పేపర్ పడుతుంది. రాగితో ఎవరు వేస్తారు?"

"మా కాలేజీ వాళ్ళు రుథీనియం కొనలేరు సార్. మా కాలేజీయే కాదు, గురజాలలో కొనలేరు, మాచర్లలో కొనలేరు. పేపర్ పడుతుంది గానీ ప్రతి ల్యాబులోనూ ఆ నారింజ నీళ్ళు అట్లాగే పారతాయి."

"సెంటిమెంటు వేరు, కెమిస్ట్రీ వేరు."

"నేను కెమిస్ట్రీయే అడుగుతున్నాను."

ఆయనకు కోపం వచ్చింది. అయినా చెడ్డమనిషి కాదు. ఆరు నెలల్లో ఏదో ఒక ఫలితం తీసుకురాకపోతే నోరెత్తకుండా రుథీనియం చేస్తానని మాట తీసుకుని పంపించారు. అలా నా మెడ మీద రెండు గడువులు వేలాడాయి.

మాది నరసరావుపేటలో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. నాన్న పల్నాడు రోడ్డు వెనక సందులో బోరు మోటార్లు రివైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగె పీకేసి, కొత్త రాగితీగె చుట్టడం ఆయన పని. రాగి గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలీదు, ఒప్పుకుంటాను. మూడొందల డిగ్రీల వేడినిచ్చే కొలిమి కావాలి, కంపెనీది కొనాలంటే కాలేజీ ఒక్క పైసా ఇవ్వదు అని చెప్పాను.

"మూడొందలేనా? అదెంత పనమ్మాయ్" అన్నాడు.

పింగాణీ గొట్టం మీద హీటరు తీగె వరస తప్పకుండా చుట్టాడు. దాని మీద మట్టి మెత్తి, గాజుదూది కప్పి, రేకు తొడుగు వేశాడు. వేడి కొలిచి ఆపే పరికరం ఒక పాత ప్యాకింగ్ మిషను నుంచి ఊడదీసి తగిలించాడు. పొట్లకాయంత పొడుగున్న ఆ కొలిమిని ఆటోలో వేసుకుని తనే ల్యాబుకి తెచ్చాడు. మధ్యలో పెట్టబోయే గాజుగొట్టంలోంచి ఆల్కహాల్ ఆవిరి పోతుందని, అవతల నుంచి హైడ్రోజన్ వస్తుందని చెప్పేసరికి మొహం మారింది.

"అంటుకునేదేగా అది?"

"అవును నాన్నా."

"మోటారు కాలితే నేను చూసుకుంటా. నువ్వు కాలితే ఎవురు చూసుకుంటారు? కిటికీలన్నీ తెరిచి చెయ్యి. దగ్గర్లో మంట పెట్టబాక."

అలాగే చేశాను. ఆ నియమం మా ల్యాబులో ఈరోజుకీ ఉంది.

మొదట నాన్న కొట్టులోని రాగితీగె ముక్కలు గొట్టంలో కూరాను. ఏమీ కాలేదు. తీగె పైన ఎనామిల్ పూత ఉంటుందని, మెరుపు చూసి అది రాగి అనుకోకూడదని నాన్న నవ్వుతూ చెప్పాడు. పూత గీకేసి పెట్టినా వచ్చింది అంతంతే. కారణం తెలిసిందే. ముద్దగా ఉన్న రాగిలో పైపొర ఒక్కటే పనిచేస్తుంది. మెత్తటి పొడిగా, పలచగా, ఇంకో పదార్థం మీద పరుచుకుని ఉంటే తప్ప తక్కువ రాగితో ఎక్కువ పని జరగదు. దేని మీద పరచాలి? సున్నపు బట్టీల ఊరు పిడుగురాళ్ళ పక్కనే ఉండి సున్నం కోసం వెతుక్కోవాలా? ఒక బస్తా తెప్పించాను.

మైలుతుత్తం అంటే రాగి ఉప్పే. తోటల మీద కొడతారు కాబట్టి పురుగుమందుల కొట్లో దొరుకుతుంది. కొట్టాయన "ఏ తోటకమ్మా, నిమ్మకా?" అని అడిగాడు. ల్యాబుకి అంటే నమ్మలేదు. దాని నీళ్ళలో సున్నం కలిపి, కడిగి, ఆరబెట్టి, తడంతా పోయేలా మళ్ళీ బాగా కాల్చి, ఆ నల్లటి పొడిని గొట్టంలో నింపాను. ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వదిలాను. పావుగంటకు గొట్టం ఠప్పుమని పగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి ఒక ముక్క ఎగిరి నా మోచేతి మీద గీసుకుంది. మిగిలిన గాజుగొట్టాలు రెండే. గైడు సార్ పెట్టిన గడువులో సగం అయిపోయింది. స్టాఫ్‌రూములో నన్ను చూసి "మేడం గారి ఫ్యాక్టరీ ఎప్పుడు ఓపెనింగు?" అని అడగడం మొదలైంది. ఓపెనింగుకి మిమ్మల్నే పిలుస్తానని చెప్పి క్లాసుకి పోయేదాన్ని.

మూడోసారి పగిలిన రోజు గాజుముక్కలు ఊడ్వడానికి వచ్చిన పిన్ని, గొట్టంలోని ముద్దను చీపురుపుల్లతో పొడిచి చూసింది.

"ఇది పిడుగురాళ్ళ సున్నమేగా?"

"అవును పిన్నీ."

"కాల్చిందేగా?"

"సున్నమంటే కాల్చిందే కదా."

"కాల్చినదాన్ని తడి తగిలేచోట బిగించి పెడితే పగలక ఏం చేస్తదమ్మా? పెళ్ళి కాకముందు నేను బట్టీలో ఆరేళ్ళు చేశా. వాన జల్లు తగిలితే బస్తాలే పిగిలిపోయేయి. నన్నడిగితే చెప్పేదాన్నిగా."

"మరి ఏం చెయ్యాలంటావ్?"

"కాల్చకుండా రాయే పొడి కొట్టి వెయ్యి. రాయి నీళ్ళు తాగదు. కాలిస్తేనే దానికి దాహం."

నేను ఆ పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. సున్నపురాయి కార్బొనేట్, కాలిస్తే ఆక్సైడ్, ఆక్సైడ్ నీటితో కలిసి ఉబ్బుతుంది. సరిగ్గా ఆ ముందురోజే మొదటి సంవత్సరం పిల్లలకు ఈ సమీకరణాలు బోర్డు మీద రాశాను. ఆల్కహాల్‌లో కాస్త తడి ఉంది. నల్లటి పొడి రాగిగా మారేటప్పుడు మరికాస్త నీరు పుడుతుంది. ఆ నీటిని సున్నం తాగి, ఉబ్బి, గొట్టాన్ని పగలగొడుతోంది. బోర్డు మీద ఉన్నది నా గొట్టంలో కూడా జరుగుతుందని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

రాయి తెప్పించాం. ఆమే రోట్లో వేసి దంచింది. వద్దంటే వినలేదు. దంచి, గుడ్డలో వస్త్రకాయం పట్టి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా తీసింది. ఈసారి రాతిపొడిని మైలుతుత్తం నీళ్ళలో నానబెట్టి, కొంచెం కొంచెంగా బట్టల సోడా నీళ్ళు పోశాను. లేత ఆకుపచ్చ మడ్డి రాతిరేణువుల మీద పేరుకుంది. నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టి, వేడి చేస్తే నల్లగా అయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గొట్టం నింపి కొలిమి పెట్టాను. పిన్ని రానక్కర్లేదన్నా వచ్చింది. నాన్న అన్నం డబ్బాతో వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆల్కహాల్ చుక్క చుక్కగా లోపలికి పోతోంది. గొట్టం మొదట్లో నలుపు విరిగి ఇటుకపొడి ఎరుపు కనిపించింది. ఆ ఎరుపు మెల్లగా పాకుతూ గొట్టం చివరిదాకా పోయింది. అవతలి కొసన నీళ్ళలో బుడగలు మొదలయ్యాయి. మంచుగడ్డల్లో పెట్టిన సీసాలో తేటగా ద్రవం చేరింది. గొట్టం పగల్లేదు.

నాన్న సీసా ముక్కు దగ్గరికి తెచ్చుకోబోతే దూరంగా పెట్టి చేత్తో విసిరి వాసన చూడమన్నాను. చూశాడు.

"ఇది పీవీసీ పైపులకి రాసే గమ్ము వాసనేగా అమ్మాయ్?"

ఆ గమ్ములో కలిపేది ఈ కీటోనే. నేను పరీక్ష చెయ్యకముందే మా నాన్న చెప్పేశాడు. అయినా కీటోన్ ఉంటేనే మడ్డి దిగే మందుతో పరీక్ష చేశాను. ముందు గొట్టంలోకి పోని ఆల్కహాల్‌కు చేశాను, ఏమీ రాలేదు. తర్వాత సీసాలోని ద్రవం రెండు చుక్కలు వేశాను. పరీక్షనాళికలో పసుపు నారింజ మడ్డి దట్టంగా దిగింది. పిన్ని "వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. "మరి అట్టా నిలబడ్డావేంది, అన్నం తిను" అంది.

ఆ వారంలోనే మళ్ళీ బోర్లా పడ్డాను. తొందరపడి వేడి పెంచాను. రాగిరేణువులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కట్టాయి, పొడి చచ్చిపోయింది. వేడి తగ్గించి, రాగి తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది. తగ్గిస్తే బాగా పనిచేస్తుందని నమ్మడానికి నాకు నెల పట్టింది. చివరికి పుస్తకం చెప్పిన మూడొందల కన్నా బాగా తక్కువ వేడి దగ్గరే, పిడికెడు పొడి వారాల తరబడి అలుపు లేకుండా పనిచేసింది.

నమూనాలు పట్టుకుని గైడు సార్ దగ్గరికి వెళ్ళాను. గడువుకు ఇంకా పది రోజులుంది. ద్రవంలో ఏది ఎంత ఉందో గీతలుగా చూపే యూనివర్సిటీ పరికరంలో పెట్టించారు. కాగితం మీద ఆల్కహాల్ గీత పొట్టిగా, కీటోన్ గీత నిలువెత్తుగా వచ్చింది. నమ్మక రెండోసారి పెట్టించారు. మళ్ళీ అదే.

"రుథీనియం ఎప్పటి నుంచి మొదలెట్టమంటారు సార్?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తెలుసు. ఉండలేకపోయాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ముందు ఇది పూర్తి చెయ్యి" అన్నారు.

ప్రాక్టికల్ పరీక్షల రోజు వచ్చింది. వేరే ఊరి కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. కరస్పాండెంట్ గారు కూడా తెల్లచొక్కా మడతలు సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బల్ల మీద డైక్రోమేట్ లేకపోవడం చూసి ఎగ్జామినర్ గారు, పిల్లలు సిలబస్ ప్రకారం చెయ్యాలి కదా అన్నారు. సిలబస్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆల్కహాల్‌ను కీటోన్‌గా మార్చుట అని ఉంది. దేనితో మార్చాలో లేదు. ఎన్నో ఏళ్ళుగా అందరం ఆ పేజీని చూడకుండానే నారింజరంగు కలుపుతున్నాం.

సరే చెయ్యండి అన్నారు. పిల్లలు వంతులవారీగా మొదలుపెట్టారు. గొట్టం ఎరుపెక్కుతుండగా కరెంటు పోయింది.

గదిలో ఒక్కసారి గొల్లుమన్నారు. కొలిమి చల్లబడితే మొత్తం ఆగిపోతుంది. జనరేటరు చప్పుడు వినపడుతోంది కానీ ల్యాబులో దీపం లేదు.

"జనరేటరు ఆడుతోంది కదా సార్?" అన్నాను గుమ్మం వైపు తిరిగి.

"అది ఆఫీసు ఏసీకమ్మా" అన్నారు కరస్పాండెంట్ గారు.

"ఆఫీసులో ఇప్పుడు ఎవరూ లేరు. మీరిక్కడే ఉన్నారు. ఆ లైను ల్యాబుకి మార్పించండి."

"ఇప్పుడెట్టా కుదురుద్ది?"

"మార్చకపోతే ప్రయోగం ఆగింది మీ వల్లని ఎగ్జామినర్ గారి ముందే రాసిస్తాను. రాజీనామా కూడా అదే కాగితం మీద రాస్తాను. ఏది ఎందుకు రాశానో చదివేవాళ్ళకి తెలుస్తుంది."

ఆయన మొహం కందగడ్డయింది. ఎగ్జామినర్ గారు కిటికీలోంచి బయటకు చూస్తున్నట్టు నటించారు. అయిదు నిమిషాలకు ఎలక్ట్రీషియన్ వచ్చాడు, పదో నిమిషానికి కొలిమి మళ్ళీ వేడెక్కింది. ఆ బ్యాచిలో ప్రతి ఒక్కరి సీసాలోనూ కీటోన్ చేరింది. ఎగ్జామినర్ గారు మార్కులు వేసి, వెళ్ళేముందు ఆ పొడి తయారుచేసే పద్ధతి ఒక కాగితం మీద రాసిమ్మన్నారు. తెలుగులో రాసిచ్చాను. పిన్ని ఫ్లాస్కులను సబ్బునీళ్ళతో కడిగి బోర్లించింది.

మరుసటి ఏడాది కాలేజీ కరపత్రంలో విషరహిత ల్యాబ్ అని పెద్ద అక్షరాలు వేయించుకున్నారు. వేసుకోనీ. ఆయాగా ఉన్న పిన్నిని ల్యాబ్ అసిస్టెంటుగా మార్చి ఆ జీతం ఇమ్మని అడిగాను. చదువు లేదుగా అన్నారు. ఇప్పటికి అయిదుసార్లు అడిగాను. ఈ నెల కూడా అడిగాను. వచ్చే నెలా అడుగుతాను.

పేపర్ రాసేటప్పుడు అసలు గొడవ జరిగింది. రచయితల వరసలో నా పేరు, పిన్ని పేరు, చివర గైడు సార్ పేరు రాసి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"మధ్యలో ఈ పేరెవరిది?"

"సున్నం కాదు, కాల్చని రాయి వాడమని చెప్పిన మనిషిది."

"కృతజ్ఞతల్లో రాద్దాంలే."

"గ్లాసులు కడిగిచ్చినందుకైతే కృతజ్ఞతల్లో రాయొచ్చు సార్. ఇది ఆలోచన. మొత్తం పేపర్ దాని మీదే నిలబడింది."

"పేపర్‌లో ఏముందో తెలియని మనిషిని రచయిత అని ఎట్లా వేస్తామమ్మా? రేపు ఎవరైనా అడిగితే?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే దానికి జవాబు చెప్పకుండా వదలదలుచుకోలేదు. రెండు మధ్యాహ్నాలు ల్యాబులో కూర్చుని పేపర్ మొత్తం వాక్యం వాక్యం తెలుగులో పిన్నికి చదివి వినిపించాను. రాయి గురించి రాసిన పేరా దగ్గర ఆపింది.

"స్థానిక సున్నపురాయి అంటే ఏ రాయి?"

"మనం తెచ్చిందే."

"మనం తెచ్చింది బూడిదరంగుది. తెల్లరాయి కూడా ఉంటదిగా. బట్టీలో రెండూ కలవనిచ్చేవాళ్ళు కాదు. తెల్లదానికి ఒక ధర, దీనికి ఒకటి. అది రాయకపోతే చదివినోడు ఏది తెచ్చుకోవాల?"

తెల్లరాయి తెప్పించి చేసి చూశాం. పనిచేసింది కానీ బూడిదరంగు రాయి అంత బాగా కాదు. ఎందుకో నాకింకా పూర్తిగా తెలీదు. ఆ పోలికతో ఒక కొత్త పట్టిక పేపర్‌లో చేరింది. ఆ సంగతి చెప్పి, "పేపర్ చదివి తప్పు పట్టుకున్నది ముగ్గురిలో ఆవిడొక్కతే సార్" అన్నాను.

"ఆవిడ పేరు కింద మీ కాలేజీ అడ్రెస్ వెయ్యి" అన్నారు చివరికి.

పేరు వేస్తున్నామని పిన్నికి చెప్పాను. నాకెందుకులే తల్లీ అంటుందేమో, ఒప్పించాలేమో అనుకున్నాను. ఆమె జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇందులో ఎట్టుందో అట్టనే రాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా రేపు ఏ పనీ కాదు" అంది.

పేపర్ రెండు పత్రికల నుంచి కొత్తదనం లేదని తిరిగొచ్చింది. మూడోవాళ్ళు తీసుకున్నారు. అచ్చుకు ముందు సరిచూడమని పంపిన ప్రతిలో పిన్ని ఇంటిపేరు ఎగిరిపోయింది. అలా ఉన్నా ఇబ్బంది లేదని, వదిలెయ్యొచ్చని సార్ అన్నారు. పత్రికవాళ్ళకు ఉత్తరం రాశాను. ఇంటిపేరు వచ్చింది గానీ అక్షరం తప్పొచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి ఇంటిపేరు చివరికి పోయింది. ఆధార్ కార్డు ఫొటో తీసి, నంబరు మీద వేలు పెట్టి కప్పి, పేరు మాత్రం కనపడేటట్టు పంపించి, ఇలాగే ఉండాలి, ఇలా లేకపోతే అచ్చు వెయ్యొద్దు అని రాశాను. రెండు రోజులకు సరైన ప్రతి వచ్చింది. ల్యాబు ప్రింటర్లో తీసి ఆమెకిచ్చాను. కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం వేలితో పోల్చి చూసుకుని, "ఇప్పుడు సరిపోయింది" అంది.